ఎండ అమ్మే ఊళ్లు

స్పెయిన్ తీరం పొడవునా అమ్మకానికున్న సరుకు ఒకటే... ఎండ! కానీ ఏ ఊళ్లో దిగామన్నదాన్ని బట్టి సెలవుల రుచే మారిపోతుంది.

1950ల తొలినాళ్లు. స్పెయిన్‌లో సైనిక నియంత ఫ్రాంకో పాలన నడుస్తోంది. మధ్యధరా సముద్రం ఒడ్డున బెనిడార్మ్ అని ఓ చిన్న ఊరు. జనాభా మూడువేలు కూడా లేదు. చేపల వేట, ఓడల్లో కొలువులు, కొండవాలున బాదం చెట్లు, ఆలివ్ చెట్లు... అంతే బతుకు. ఆ ఊరికి పెద్రో సరగోసా అనే యువకుడు మేయరయ్యాడు. ఊళ్లో చెప్పుకోదగ్గ ఆస్తి ఏముందా అని చూస్తే రెండు పొడవాటి ఇసుక తీరాలు, ఏడాది పొడవునా కాసే ఎండ కనిపించాయి. వీటినే అమ్ముకుంటే పోలా, అనుకున్నాడు.

చలిదేశాల వాళ్లు ఒక్కరొక్కరుగా రావడం మొదలైంది. వస్తూ వస్తూ బికినీలు తెచ్చుకున్నారు. అప్పట్లో స్పెయిన్‌లో అవి వేసుకుని తీరంలో తిరగడం పెద్ద తప్పు. మేయరు మాత్రం తన ఊళ్లో ఫర్వాలేదన్నాడు. చర్చి పెద్దలు భగ్గుమన్నారు. మతం నుంచి వెలేస్తామన్నారు. అప్పుడాయన వెస్పా స్కూటరెక్కి నాలుగువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, మ్యాడ్రిడ్ వెళ్లి నేరుగా ఫ్రాంకోనే కలిశాడట. తిరిగొచ్చాక ఆయన జోలికి ఎవరూ రాలేదట. ఈ కథకి ఏళ్లు గడిచేకొద్దీ ఎంత ఉప్పూకారం తోడైందో గానీ, మేయరు మాత్రం నిజం. ఆయన పుణ్యమో పాపమో, ఆ పల్లె ఇప్పుడు డెబ్భైవేల మంది ఉండే ఊరు. వేసవిలో ఆ సంఖ్య ఎన్నో రెట్లవుతుంది. సముద్రంలోంచి చూస్తే మరో న్యూయార్క్‌లా ఆకాశహర్మ్యాలు!

ఇంతకీ ఎండ కాసుకోవడానికి స్పెయిన్ వెళ్లాలనుకునే కుటుంబం ముందు ఈ బెనిడార్మ్ ఒక్కటే లేదు. ద్వీపాలతో కలిపి దాదాపు 8,000 కిలోమీటర్ల తీరం ఉందా దేశానికి. 2024లో దాదాపు 9.4 కోట్ల మంది విదేశీయులు వచ్చారక్కడికి. దేశ జనాభా చూస్తే అయిదు కోట్లు కూడా లేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కోరుకునేది ఆ నీలి గీత వెంబడి ఓ గది. లండన్‌లోనో డబ్లిన్‌లోనో ఉద్యోగం చేసుకునే తెలుగు పిల్లలు, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకుని రెండు మూడు గంటల్లో అలికాంటే విమానాశ్రయంలోనో మలగాలోనో దిగొచ్చు. కాకపోతే ఒక్కమాట. బ్రిటన్, ఐర్లాండ్ రెండూ షెంజెన్ ఒప్పందంలో లేవు. అక్కడ ఉంటున్నా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు స్పెయిన్ వెళ్లాలంటే షెంజెన్ వీసా విడిగా తీసుకోవాల్సిందే. టికెట్లు కొన్నాక ఈ సంగతి తెలిసి నాలుక కరుచుకుంటే లాభం లేదు.

ఎండలందు ఆ ఎండ వేరు

ప్రచార పుస్తకాల్లో స్పెయిన్ తీరమంతా ఒకేలా ఉంటుంది. కోస్టా బ్రావా, కోస్టా డొరాడా, కోస్టా బ్లాంకా, కోస్టా డెల్ సోల్... కోస్టా అంటే తీరం. ఒకటి బంగారు తీరం, ఒకటి తెల్ల తీరం, ఇంకోటి సూర్యుడి తీరం. పేర్లలో కవిత్వం ఉంది గానీ సమాచారం తక్కువ. కోస్టా బ్రావా ఒక్కటే కాస్త నిజం చెబుతుంది. ‘బ్రావా’ అంటే కరుకైనదని. 1908లో ఫెర్రాన్ అగుయో అనే పత్రికా రచయిత పెట్టిన పేరది.

నిజానికి ఈ తీరాల్లో ఎండ ఒక్కటే కాదు, గాలి, నీళ్లు కూడా చూసుకోవాలి. దక్షిణానికి వెళ్లేకొద్దీ సముద్రం వెచ్చగా ఉంటుందని అనుకుంటారెవరైనా. అదే పొరపాటు. మలగా దగ్గర జిబ్రాల్టర్ జలసంధి గుండా అట్లాంటిక్ చల్లని నీళ్లు లోపలికొస్తాయి. అందుకే ఆగస్టులో ఒడ్డున మాడిపోయే ఎండ ఉన్నా, నీళ్లలో కాలు పెడితే ఝల్లుమంటుంది. దానికి ఉత్తరంగా ఉన్న అలికాంటే దగ్గరేమో అదే ఆగస్టులో సముద్రం 26 డిగ్రీల దాకా వెచ్చబడుతుంది. పిల్లలు నీళ్లలోంచి బయటికి రారు!

ఇక గాలి. ఆఫ్రికాకి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, స్పెయిన్ కొసన ఉన్న ఊరు టారిఫా. తెల్లటి ఇసుక, మైళ్ల పొడవు తీరం, పక్కనే రోమన్ల నాటి శిథిల నగరం. ఫొటోల్లో చూస్తే ఇంతకన్నా అందమైన చోటు లేదనిపిస్తుంది. కానీ ఫొటోలో గాలి కనపడదు కదా. తూర్పు గాలి లేచిందంటే రోజుల తరబడి వీస్తుంది. ఇసుక సూదుల్లా గుచ్చుకుంటుంది. గాలిపటం కట్టుకుని అలల మీద జారే కుర్రకారుకి అది స్వర్గం. చాప పరుచుకుని పులిహోర పొట్లం విప్పే కుటుంబానికి కాదు.

నెల కూడా ముఖ్యమే. జులై, ఆగస్టుల్లో ఐరోపా అంతా సెలవుల్లో ఉంటుంది. ధరలూ జనమూ రెట్టింపు. జూన్, సెప్టెంబరు మేలు. సెప్టెంబరులో ఎండ తగ్గినా, వేసవంతా కాగిన సముద్రం వెచ్చగానే ఉంటుంది. అయితే శరత్కాలంలో తూర్పు తీరం మీద కుంభవృష్టి కురిసే ప్రమాదమూ ఉంది. 2024 అక్టోబరు 29న వాలెన్సియా పరిసరాల్లో వచ్చిన వరదలు రెండువందల మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఆ రోజుల్లో వాతావరణ హెచ్చరిక వస్తే, సెలవులు వృథా అవుతాయని చూడకుండా గదిలోనే ఉండిపోవాలి.

ఎండ నుంచి పారిపోయిన రోజులు

ఓ తమాషా ఉంది. నూరేళ్ల కిందట స్పెయిన్‌లో డబ్బున్నవాళ్లు వేసవిలో తీరానికి వెళ్లేది ఎండ కోసం కాదు, ఎండ తప్పించుకోవడానికి! ఉత్తరాన అట్లాంటిక్ వైపు ఉన్న శాన్ సెబాస్టియన్ వాళ్ల విడిది. రాణి మరియా క్రిస్టినా 1887 నుంచి ఏటా వేసవిలో అక్కడికే వచ్చేది. చుట్టూ పచ్చటి కొండలు, గవ్వ ఆకారంలో తీరం, చినుకులు. ఏడాదికి పదిహేనువందల మిల్లీమీటర్ల వాన పడుతుందక్కడ. ఒళ్లు నల్లబడేలా ఎండలో పడుకోవడం అనే ఫ్యాషన్ చాలా తర్వాత వచ్చింది. ఇప్పుడు మళ్లీ చక్రం తిరుగుతోంది. వేసవిలో వడగాడ్పులు ముదురుతుండటంతో మ్యాడ్రిడ్ జనం ఉత్తరం వైపు చూస్తున్నారు. ఆగస్టు తప్ప మరో నెల కుదరనివాళ్లకి, ముఖ్యంగా పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి, ఈ వైపు కూడా ఓ దారే. కాకపోతే ఎండ గ్యారంటీ అడక్కూడదు.

కరుకు తీరం

బార్సిలోనాకి ఉత్తరాన కోస్టా బ్రావా. ఎర్రటి కొండ అంచులు, వాటి మీద సముద్రంలోకి వంగిన పైన్ చెట్లు, మధ్య మధ్య దోసిలంత ఇసుక తీరాలు. 2011లో వచ్చిన హిందీ సినిమా ‘జిందగీ న మిలేగీ దొబారా’లో ముగ్గురు స్నేహితులు సముద్రం అడుగుకి దిగింది ఇక్కడే. ఆ సినిమా చూసి స్పెయిన్‌కి టికెట్లు కొన్న భారతీయులెందరో. కొండ అంచుల వెంట కాలిబాటలుంటాయి. ఒకప్పుడు దొంగ సరుకు దించేవాళ్ల కోసం పోలీసులు గస్తీ తిరిగిన దారులవి. ఇప్పుడు పర్యటకులు తిరుగుతున్నారు.

ఇక్కడ అందరూ కోరుకునే ఊరు కడకేస్. తెల్లటి ఇళ్లు, చిన్న రేవు. పక్కనే పోర్ట్ యిగాట్‌లో చిత్రకారుడు సాల్వడోర్ డాలీ 1930 నుంచి కాపురం పెట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ముందే టికెట్ తీసుకోకపోతే గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి రావాలి. ఈ ఊరికి రైలు లేదు. కొండ మీద మెలికలు తిరిగే రోడ్డొకటే. ఆ రోడ్డే ఊరిని కాపాడింది. పెద్ద హోటళ్లు కట్టేవాళ్లు అంతదూరం రాలేదు. అందం అలాగే ఉంది, గదులు తక్కువ, ధర ఎక్కువ. తీరం కూడా చాలావరకు గులకరాళ్లే. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మని తీసుకెళ్లి ఆ రాతి మెట్ల వీధుల్లో నడిపిస్తే ఆవిడ మళ్లీ ప్రయాణం మాటెత్తదు.

తోసా డి మార్ కాస్త నయం. పాత కోట గోడ సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టుంటుంది. 1950లో హాలీవుడ్ తార ఆవా గార్డ్‌నర్ ఓ సినిమా కోసం వచ్చి ఊరికి పేరు తెచ్చింది. ఆవిడ విగ్రహం ఇప్పటికీ సముద్రం వైపు చూస్తూ ఉంటుంది. దాని పొరుగున యొరెట్ డి మార్. అది రాత్రంతా పాటలు మోగే ఊరు. పిల్లల్తో వెళ్లేవాళ్లు హోటల్ ఏ వీధిలో ఉందో పటంలో రెండుసార్లు చూసుకోవాలి. బార్సిలోనా కూడా చూడాలి, సముద్రమూ కావాలి అనేవాళ్లకి సిచెస్ ఉంది. నగరం నుంచి లోకల్ రైల్లో నలభై నిమిషాలు. సలోలో 1995లో తెరిచిన పోర్ట్ అవెంచురా అనే పెద్ద వినోదాల పార్కుంది. పిల్లలు ఓటేస్తే అదే గెలుస్తుంది.

సూర్యుడి తీరంలో నీడలు

అండలూసియా రాష్ట్రంలోని కోస్టా డెల్ సోల్ గురించి వినని పర్యటకుడుండడు. 1959లో ఇక్కడి టొరెమొలినోస్‌లో ‘పెజ్ ఎస్పాదా’ అనే విలాసవంతమైన హోటల్ తెరిచారు. సినిమా తారలు దిగారు. సరిగ్గా ఆ ఏడాదే ప్రభుత్వం ఆర్థిక సంస్కరణలు తెచ్చి విదేశీ డబ్బుకి తలుపులు తీసింది. చేపల పల్లె పదేళ్లలో కాంక్రీటు వరస అయింది. ఇక్కడ కుటుంబాలకు పెద్ద సౌకర్యం లోకల్ రైలు. మలగా విమానాశ్రయంలోనే ఎక్కి టొరెమొలినోస్, బెనాల్మదేనా, ఫుయెన్‌హిరోలా... ఎక్కడ కావాలంటే అక్కడ దిగొచ్చు. కారు అద్దెకు తీసుకోనక్కర్లేదు.

ఆ రైలు వెళ్లని ఊరు మార్బెయా. 1954లో ఓ జర్మన్ యువరాజు వంశీయుడు ‘మార్బెయా క్లబ్’ పెట్టాక కోటీశ్వరుల అడ్డా అయింది. భూములతో పాటే అవినీతీ పెరిగింది. 2006లో కేంద్ర ప్రభుత్వం ఏకంగా పురపాలక సంఘాన్నే రద్దుచేయాల్సి వచ్చింది. పడవల రేవులో నిలబడి ఖరీదైన కార్లు లెక్కపెట్టడం సరదా అయితే ఓ సాయంత్రం చాలు.

మలగాకి తూర్పున నెర్హా. కొండ అంచున సముద్రం మీదికి వేలాడే ఓ చప్టా ఉంది. దాన్ని ‘ఐరోపా బాల్కనీ’ అంటారు. 1959 జనవరిలో గబ్బిలాల్ని పట్టుకుందామని ఓ బొరియలో దూరిన అయిదుగురు పిల్లలు, దాని లోపల మహా గుహల్ని కనిపెట్టారు. బొర్రా గుహలు చూసినవాళ్లకి ఆ రాతి ఊడల సొగసు వేరే చెప్పనక్కర్లేదు. ఈ చుట్టుపక్కల కొండల మీద మామిడి తోటలున్నాయి! పక్కనున్న గ్రనడా తీరంలో చెరిమోయా అనే పండు పండిస్తారు. మన సీతాఫలానికి వరసకి అన్నో తమ్ముడో. తొక్క నున్నగా, లోపల అదే తెల్లటి గుజ్జు, అవే నల్లటి గింజలు. శీతాకాలంలో వెళ్లినవాళ్లు వదలకూడదు.

ఆ తోటలకీ, హోటళ్లకీ, ఊరివాళ్లకీ కావాల్సింది ఒకటే... నీళ్లు. ఈ ప్రాంతానికి దిక్కు లా విన్యువేలా జలాశయం. వరస కరవులతో 2024 మొదట్లో అందులో పదోవంతు నీళ్లు కూడా మిగల్లేదు. అంతకుముందు నుంచే కొన్ని ఊళ్లలో రాత్రిళ్లు కొళాయిలు కట్టేశారు. కొండవాలు మీద తెల్లటి విల్లా, దానికో సొంత ఈతకొలను, చుట్టూ పచ్చగడ్డి... పర్యటకుడి కల అదే. ఆ కలకి నీళ్లు ఎక్కడ్నుంచి వస్తున్నాయన్నది అద్దె ప్రకటనలో రాయరు.

ఇంకో నీడ, అద్దెలది. ఇళ్లని రోజువారీ లెక్కన పర్యటకులకిస్తే వచ్చే డబ్బు, నెల అద్దెకిస్తే రాదు. దాంతో మలగాలో టీచర్లకీ నర్సులకీ, హోటళ్లలో పడకలు సర్దేవాళ్లకీ ఇల్లు దొరకడం కష్టమైంది. 2024 వేసవిలో వేలమంది రోడ్డెక్కారు. కానరీ ద్వీపాల్లో అంతకుముందే, ఏప్రిల్‌లో, భారీ ప్రదర్శనలు జరిగాయి. బార్సిలోనాలో కొందరు పర్యటకుల మీద బొమ్మ తుపాకులతో నీళ్లు కొట్టారు. ఆ నగరం 2028 నవంబరుకల్లా పర్యటకుల అద్దె ఫ్లాట్ల లైసెన్సులన్నిటినీ రద్దుచేస్తామని ప్రకటించింది. ‘మా ఊరు రండి’ అని పిలిచిన తీరమే ‘ఇక చాలు’ అంటోందన్నమాట. కాబట్టి ఊరొక్కటే కాదు, ఎక్కడ బస చేస్తామన్నదీ ఆలోచించుకోవాల్సిన సంగతే. ఫ్లాట్ తీసుకుంటే దానికి లైసెన్సు నంబరుందో లేదో చూడటం కనీస ధర్మం.

ఒక్క అతిథీ దిగని హోటల్

ఇంకా తూర్పుకి వెళ్తే అల్మెరియా. ఐరోపాలో అతి తక్కువ వాన పడే మూల ఇది. ఏడాదికి దాదాపు 200 మిల్లీమీటర్లు. మన అనంతపురం జిల్లా సగటులో సగం కూడా కాదు! అన్నట్టు, స్పెయిన్‌లో అనంతపురం పేరు తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, 2009లో కన్నుమూసేదాకా అక్కడి పేదల మధ్యే గడిపారు. ఆయన సంస్థ ద్వారా ఎన్నో స్పెయిన్ కుటుంబాలు అక్కడి పిల్లల చదువుకి సాయం చేశాయి. తీరంలోని ఏ చిన్న హోటల్లోనైనా ‘అనంతపురం పక్క నుంచి వచ్చాం’ అంటే ఎదుటివాళ్ల మొహం వెలగొచ్చు.

ఇక్కడి కాబో డి గాటా 1987 నుంచి రక్షిత ఉద్యానవనం. అగ్నిపర్వతాల రాళ్లు, కట్టడాలు లేని తీరాలు. నీడ లేదు, దుకాణాల్లేవు. నీళ్ల సీసాలు మోసుకెళ్లాలి. ఏకాంతం కావాలనుకునే జంటలకి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఇదే ఉద్యానవనం అంచున, అల్గరోబికో తీరంలో, ఇసుక మీదికి కాళ్లు చాపినట్టు ఓ తెల్లటి హోటల్ కట్టారు. ఇరవయ్యొక్క అంతస్తులు, 411 గదులు. దాదాపు పూర్తయ్యాక 2006లో కోర్టు పని ఆపించింది. అది సముద్రానికి మరీ దగ్గరగా, కట్టకూడని చోట ఉందని పర్యావరణవాదులు దశాబ్దాల పాటు పోరాడారు. తీర్పు మీద తీర్పు వచ్చింది. అతిథి మాత్రం ఒక్కరూ దిగలేదు.

ముర్సియా తీరంలోని మార్ మెనోర్ కథ ఇంకోరకం. అది ఉప్పునీటి సరస్సు. లోతు తక్కువ, అలలుండవు. పసిపిల్లల తల్లిదండ్రులకి అంతకన్నా ఏం కావాలి! కానీ చుట్టూ పొలాల్లోని ఎరువులు కొట్టుకొచ్చి 2019లోనూ, 2021 ఆగస్టులోనూ టన్నులకొద్దీ చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. జనం ఉద్యమించి, లక్షల సంతకాలు సేకరించి, 2022లో ఆ సరస్సుకి మనిషికుండే లాంటి చట్టపరమైన హక్కులు తెచ్చిపెట్టారు. ఐరోపాలో ఓ సరస్సుకి అలాంటి హక్కులు రావడం అదే మొదలు. వెళ్లాలనుకునేవాళ్లు ఆ వేసవిలో నీళ్లెలా ఉన్నాయో కనుక్కుని గది తీసుకోవడం మంచిది.

నవ్వులపాలైన ఊరు

మళ్లీ బెనిడార్మ్‌కి వద్దాం. అభిరుచి ఉన్నవాళ్లమనుకునే వాళ్లెవరూ ఆ పేరు గౌరవంగా పలకరు. ఇంగ్లిషువాళ్ల పబ్బులు, పొద్దున్నే బేకన్-గుడ్ల ఫలహారం, రాత్రి తాగి పాడే గుంపులు... ఇవన్నీ నిజమే. ‘గ్రాన్ హోటల్ బాలి’ 2002లో తెరిచారు. 52 అంతస్తులు. ‘ఇంటెంపో’ అని జంట స్తంభాలు కలిపినట్టుండే 47 అంతస్తుల భవనం 2007లో మొదలై, అప్పుల్లో కూరుకుపోయి, చివరికి 2021లో పూర్తయింది. మధ్యలో 2013లో, ‘దీనికి లిఫ్టు పెట్టడం మర్చిపోయారట’ అని ప్రపంచమంతా నవ్వింది. అది ఉత్త పుకారు. బెనిడార్మ్ మీద ఏం చెప్పినా జనం నమ్మేస్తారనడానికి అదే సాక్ష్యం.

కానీ ఆ ఎత్తు వెనక లెక్క ఉంది. 1956లోనే ఊరికి ఓ ప్రణాళిక గీశారు. వెడల్పాటి వీధులు, తర్వాతి దశాబ్దంలో భవనాలు ఎంత ఎత్తుకైనా కట్టుకోవచ్చన్న అనుమతి. దాంతో ఊరు అడ్డంగా పాకకుండా నిలువుగా పెరిగింది. అటూ ఇటూ మైళ్ల పొడవునా కొండల్ని విల్లాలు మింగేస్తే, ఇక్కడ లక్షలమంది కొద్ది చదరపు కిలోమీటర్లలోనే సర్దుకున్నారు. అందరూ సముద్రానికి నడిచే వెళ్తారు. వందమందికి ఒక్క ఈతకొలను చాలు. తలా ఓ గడ్డి మైదానం తడపక్కర్లేదు.

నీళ్ల పాఠం ఈ ఊరు చాలా ముందే నేర్చుకుంది. 1978 కరవులో బెనిడార్మ్‌కి ఓడల్లో నీళ్లు తెచ్చి పోయాల్సి వచ్చింది. సముద్రం ఒడ్డున హోటల్లో కూర్చుని స్నానానికి నీళ్లు లేకపోతే ఏ పర్యటకుడు మళ్లీ వస్తాడు? అప్పట్నుంచి చుట్టుపక్కల రైతులతో ఓ ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు బలపడింది. కొండల్లోని గ్వదలెస్ట్, అమదోరియో జలాశయాల మంచినీళ్లలో రైతులు తమ వాటాని ఊరికి వదులుకుంటారు. బదులుగా ఊరు తన వాడకం నీళ్లని శుద్ధిచేసి తోటలకి పంపుతుంది. హోటల్లో స్నానం చేసిన నీళ్లు నారింజ చెట్టుకి చేరతాయన్నమాట. చూడ్డానికి ఏమంత సొగసుగా ఉండదు కాబట్టి ఏ ప్రచార పుస్తకంలోనూ దీని ఫొటో ఉండదు.

పల్లె అందాన్ని ప్రేమించి వెళ్లిన పర్యటకుడే ఆ పల్లెలో ఇళ్లు ఖాళీ చేయిస్తుంటే, పల్లెని ఎప్పుడో పోగొట్టుకున్న ఈ ఊరు మాత్రం ఎంతమందొచ్చినా తట్టుకుంటోంది. అలాగని అందరూ ఇక్కడికే వెళ్లాలని కాదు. బాల్కనీలోంచి ఎదుటి బాల్కనీ తప్ప ఏమీ కనపడకపోతే కొందరికి ఊపిరాడదు. వాళ్లకి ఈ ఊరు వద్దు. మూడు తరాలు కలిసి, ఓ మాదిరి ఖర్చులో వెళ్లే కుటుంబానికి మాత్రం దీన్ని కాదనడానికి కారణాలు తక్కువ. తీరం చదును. ఎక్కడా మెట్లు ఎక్కి దిగక్కర్లేదు, చక్రాల కుర్చీ కూడా నడుస్తుంది. వెనక 1,400 మీటర్ల పుయిగ్ కంపానా కొండ ఉత్తరపు చలిగాలిని ఆపుతుంది. జనవరిలోనూ పగలు 17 డిగ్రీల ఎండ ఉంటుంది. అందుకే వయసు మళ్లినవాళ్ల కోసం ప్రభుత్వం 1985 నుంచి నడుపుతున్న చౌక విహారాల పథకంలో ఇక్కడికి చలికాలమంతా స్పెయిన్ తాతలూ బామ్మలూ వస్తారు. మిగతా తీరంలో సగం హోటళ్లు తాళాలేసుకుంటే ఇక్కడ సాయంత్రాలు తీరంలో జంటలు జంటలుగా నాట్యం చేస్తుంటారు.

ఉన్న రెండు తీరాల్లో లెవాంతే సూర్యుడు ఉదయించే వైపుది. హోరెక్కువ. పోనియెంతే అస్తమించే వైపుది. పొడవెక్కువ, సందడి తక్కువ. కుటుంబాలకి రెండోదే మేలు. రెండింటి మధ్య గుట్ట మీద పాత ఊరు, నీలి గుమ్మటాల చర్చి. ఆ వీధుల్లో మాత్రం ఇంకా స్పానిష్ మాటలే వినపడతాయి. ఎండాకాలం తెల్లారకముందే కొందరు పెద్దాయనలు గొడుగులూ కుర్చీలూ తెచ్చి మొదటి వరసలో పాతేసి, ఇంటికెళ్లి కాఫీ తాగొస్తారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం చూసినవాళ్లకి ఈ విద్య కొత్తగా అనిపించదు. తీరం చట్టప్రకారం ప్రజలది. ఏ హోటలూ కంచె కట్టకూడదు. అలాగే ఏ తాతా గొడుగుతో కబ్జా చేయకూడదు. పురపాలక సిబ్బంది వచ్చి అవి ఎత్తుకెళ్లిన రోజు పెద్ద గొడవే.

తిండి సంగతి కూడా ముందే తెలుసుకుంటే మంచిది. శాకాహారులు ‘కూరగాయల సలాడ్’ అన్న పేరు చూసి మోసపోకూడదు. అందులో ట్యూనా చేప ముక్కలు ఉండటం మామూలే. మాంసం, చేప, హామ్ మూడూ వద్దని విడివిడిగా చెప్పాలి. ఈ ప్రాంతం బియ్యానికి పేరుపడింది. వెడల్పాటి పెనం మీద పాయెయా అనే అన్నం వండుతారు. కూరగాయలతోనూ చేస్తారు. అది మధ్యాహ్న భోజనం. మధ్యాహ్నమంటే రెండింటికి! సాయంత్రం నాలుగు దాటితే చాలాచోట్ల పొయ్యి ఆర్పేస్తారు. మళ్లీ వెలిగించేది రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికే. ఏడింటికే ఆకలనే పిల్లలుంటే గదిలో ఓ చిన్న వంటిల్లు ఉండేలా చూసుకోవాలి. దాహానికి ఓర్చాతా ఉంది. ఓ రకం తుంగ దుంపల్ని రుబ్బి తీసిన పాలు, చల్లగా, తియ్యగా.

బెనిడార్మ్‌లో ఉన్నంత మాత్రాన వారమంతా అక్కడే కూర్చోవాలని లేదు. అలికాంటే నుంచి తీరం వెంబడే ఓ ట్రామ్ రైలు నడుస్తుంది. బెనిడార్మ్‌కి ముందే విల్లహొయోసా. చేపల వేట నుంచి తిరిగొచ్చే మగవాళ్లు దూరం నుంచే తమ ఇల్లు గుర్తుపట్టేలా ఇంటికో రంగు వేశారని చెబుతారు. అక్కడ 1881 నుంచి చాకొలెట్ తయారుచేస్తున్న ఫ్యాక్టరీ ఉంది. పిల్లలకి అంతకు మించి ఆశ పెట్టక్కర్లేదు. బెనిడార్మ్‌లో రైలు మారి ఇంకాస్త ముందుకెళ్తే అల్టియా. కొండ మీద తెల్లటి ఊరు, నీలి పలకల గుమ్మటం, సందుల్లో చిత్రకారుల దుకాణాలు. ప్రచార పుస్తకంలో చూసిన స్పెయిన్ అచ్చం అలాగే ఉంటుందక్కడ. అది దాటితే కాల్పె దగ్గర సముద్రంలోంచి నిటారుగా లేచిన 332 మీటర్ల ఇఫాక్ బండ.

అల్టియాలో చర్చి ముందు అరుగు మీద కూర్చుంటే కొండ వెనక ఎండ దిగిపోతూ కనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆలస్యం చేసేస్తారు. వెనక్కెళ్లే ఆఖరి ట్రామ్ ఎన్నింటికో స్టేషన్లో దిగినప్పుడే చూసుకోవాలి. కొండ మీంచి స్టేషన్‌కి దిగడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. అమ్మమ్మ వెంట ఉంటే ఇంకో పది!